జగ్దల్‌పూర్ గాజు బీరువాలు, భోంగాపాల్ డోక్రా బాబా

జగ్దల్‌పూర్ వెళ్లినప్పుడల్లా అక్కడి మానవశాస్త్ర మ్యూజియంలో ఓ గంట గడిపి వస్తాను. భారత మానవశాస్త్ర సర్వే 1972లో నెలకొల్పింది. మురియా కుర్రాళ్లు చెక్కిన చెక్క దువ్వెనలు, మాడియాలు ఆటపాటలకు పెట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగాలు, గవ్వల పట్టీలు, ఇత్తడి బొమ్మలు. అద్దం వెనక్కి చేరగానే ఇవన్నీ ‘అలంకరణ వస్తువులు’ అయిపోతాయి. మురియా కుర్రాడు ఆ దువ్వెన చెక్కేది తాను మెచ్చిన పిల్లకు ఇవ్వడానికి. ఆ సంగతి తెలియకపోతే మిగిలేది చెక్కముక్కే.

ఇత్తడి బొమ్మల దగ్గర ఎక్కువసేపు నిలబడతాను. బస్తర్‌లో వీటిని పోసేవాళ్లు ఘడవాలు. మట్టి ముద్ద మీద తేనెమైనం తీగల్ని చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేగాని బొమ్మ బయటికి రాదు, కనుక ఏ రెండూ ఒకటి కావు. బస్తర్ ఢోక్రాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండగావ్‌కు చెందిన జైదేవ్ బఘేల్ పేరు దేశాలు దాటింది. మిగతావాళ్లలో ఎక్కువమంది పేర్లు ఏ పలక మీదా ఉండవు.

ఈ మైనపు పోత విద్య ఎంత పాతదో మహానది ఒడ్డున సిర్పూర్ చెబుతుంది. అది ఒకనాటి దక్షిణ కోసల రాజధాని. అక్కడి బౌద్ధ కంచు విగ్రహాలు కొన్ని రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో ఉన్నాయి. 8వ శతాబ్దం నాటి సిర్పూర్ తార ఒకటి లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియంలో ఉంది. అక్కడ ఆమె ‘ఆసియా కళ’.

7వ శతాబ్దంలో హ్యూయన్ త్సాంగ్ కోసల చూసి, దక్షిణంగా పెద్ద అడవి దాటి ఆంధ్రకు వచ్చానని రాసుకున్నాడు. కోసలకూ ఆంధ్రకూ నడుమ పరుచుకున్న అడవి బస్తర్ అడవే. మన చరిత్ర పుస్తకాల్లో అది దాటి వచ్చే దారి మాత్రమే. అక్కడ ఎవరైనా ఆగారా, చైత్యం కట్టారా అని మనం అడగం.

కట్టారు. కొండగావ్ జిల్లా భోంగాపాల్‌లో ఇటుకల చైత్యగృహం శిథిలాలున్నాయి. 5, 6 శతాబ్దాల నాటివని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇటుక చైత్యం అనగానే మనకు నాగార్జునకొండ గుర్తుకు రాక మానదు. అక్కడ కూర్చున్న రాతి బుద్ధుణ్ణి ఊరివాళ్లు డోక్రా బాబా అంటారు. డోక్రా అంటే ముసలాయన. పోత పనికున్న ఢోక్రా పేరు వేరు, ఇది వేరు. మన తాతయ్య అన్నట్టే అనుకోండి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు సంచిలో ఒక అర్జీ ఉంది. విగ్రహాన్ని మ్యూజియానికి తరలించి, బుద్ధుడని పలక పెట్టి కాపాడాలని. లా చదివినవాణ్ణి, 1972 నాటి పురావస్తువుల చట్టం సెక్షన్లతో సహా రాశాను. అక్కడ అగరుబత్తి పుల్లలు, కొబ్బరి చిప్పలు చూసి మనసు చివుక్కుమంది కూడా. 22 ప్రతిజ్ఞలు చేసినవాణ్ణి కదా! అర్జీలో ఏముందో చెబితే ఒక రైతు అడిగాడు: “బాబాను తీసుకుపోతే మేం ఎక్కడికి రావాలి?”

జవాబు చెప్పలేకపోయాను. తిరుగు దారిలో అమరావతి గుర్తొచ్చింది. 1797లో మెకంజీ వెళ్లేసరికే మహాస్తూపం రాళ్లు ఊడదీస్తున్నారు. శిల్పాల పలకల్ని ఇళ్లకు వాడారు, బట్టీల్లో సున్నం కాల్చారు. కాల్చింది పరదేశీయులు కాదు. తథాగతుణ్ణి మరిచిపోయిన తెలుగువాళ్లమే. మిగిలినవాటిలో వందకు పైగా పలకలు 1859లో లండన్ చేరాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియం పాలయ్యాయి. వాటిని తిరిగి ఇమ్మని అడగడం న్యాయమే, నేనూ అడుగుతాను. కానీ బుద్ధుడని తెలియకుండానే ఆయన ముందు దీపం పెట్టిన ఆదివాసీల చేతుల్లోంచి భోంగాపాల్ విగ్రహాన్ని తీసుకోవాలని రాసిన నాకూ, ఆ దొరలకూ తేడా ఏమిటి?

పేరు ముఖ్యం కాదని మాత్రం నేననను. పేరు పోయిన బుద్ధుణ్ణి రేపు ఏ అవతారంగానో మార్చేస్తారు. అలా మారినవి మన తెలుగు నేల మీదే చాలా చూశాం. డోక్రా బాబా అన్న పిలుపులో ఆ మోసం లేదు, చనువుంది. బోర్డు మీద రెండు పేర్లూ ఉండాలి.

ఆ బోర్డు పెట్టడానికి ఎవరిని అడగాలి? పురావస్తు శాఖను అడగాల్సిందే. కానీ బస్తర్ ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం 4(డి) ప్రకారం తమ సంప్రదాయాలనూ సాంస్కృతిక గుర్తింపునూ కాపాడుకునే అధికారం గ్రామసభది. నీలి జెండాలతో బస్సుల్లో వెళ్లి వందన చేసి రావాలని మనలో కొందరు ఉత్సాహపడుతున్నారు. వెళ్దాం, కానీ ముందు ఆ గ్రామసభలో కూర్చుందాం, వాళ్లు చెప్పేది విందాం.

పాత అర్జీ చించేశాను. కొత్తది ఒక్క పేజీ. విగ్రహం ఉన్నచోటే ఉండాలనీ, పైన నీడ కావాలనీ, హిందీ, హల్బీ, గోండీల్లో బోర్డు కావాలనీ రాశాను. గ్రామసభలో చదివి వినిపించాక వాళ్లు దిద్దమన్నవి దిద్ది, ఆ తర్వాతే సంతకం చేస్తాను.