ఒకే విత్తనం, ఒకే మందు: మనిషికో ధర ఎందుకు?

పత్తి, మిర్చి వేసే దాచేపల్లి రైతులకు ఇది కొత్త కాదు. ఒకే కొట్టు, ఒకే పురుగుమందు డబ్బా. చేతిలో డబ్బు పెట్టినవారికి ఒక ధర, మిర్చి అమ్మాక కడతానన్నవారికి మరో ధర. కొనేవారి తొందర ఎంత, వేరే దారి ఉందా అని చూసి ధర చెప్పడం వ్యాపారంలో మామూలే. పోటీ తక్కువైన చోట, చౌకగా కొన్నవారు తిరిగి అమ్ముకోలేని చోట ఇది బాగా సాగుతుంది.

ఇందుకు పెద్ద ఉదాహరణ బీటీ పత్తి విత్తనం. 2005 ప్రాంతంలో 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 పైనే ఉండేది. అందులో సుమారు రూ.1,250 మహికో మాన్‌శాంటో బయోటెక్ తీసుకునే జన్యు పరిజ్ఞాన రుసుమే. అదే పరిజ్ఞానానికి చైనా, అమెరికాల్లో చాలా తక్కువ తీసుకుంటున్నారని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 జనవరిలో గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. రుసుము తగ్గించాలని మే నెలలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రం ప్యాకెట్ ధరను రూ.750గా నిర్ణయించింది. రైతులు ఎవరికి వారు కొట్లో బేరమాడి ఉంటే ఇంత తగ్గేది కాదు. 2015 డిసెంబరు ఉత్తర్వు తర్వాత గరిష్ఠ ధరను కేంద్రమే ప్రకటిస్తోంది. 2025-26కు బీజీ-2 ప్యాకెట్ రూ.901.

రైతుకు మేలు చేసే తేడా ధర కూడా ఉంది. 45 కిలోల యూరియా కట్ట మనకు రూ.266.50. ఫ్యాక్టరీలు వాడే యూరియాకు రాయితీ లేదు, ధర చాలా ఎక్కువ. మన యూరియా అటు మళ్లకుండా చేయడం కూడా 2015లో మొత్తం యూరియాకు వేపపూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం.

చిన్న రైతుకు ఎక్కువ నష్టం అరువు ధరలోనే. నగదుకు రూ.1,000 ఉన్న మందును అరువుకు రూ.1,150కి రాశారనుకోండి. ఆరు నెలల్లో తీరిస్తే నూటికి నెలకు రెండున్నర రూపాయల వడ్డీ కట్టినట్టే. బిల్లులో వడ్డీ అని ఎక్కడా ఉండదు కాబట్టి లెక్క తేలదు. బ్యాంకు పంట రుణం రూ.3 లక్షల వరకు ఏడాదికి 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. పాస్‌బుక్ లేని కౌలు రైతుకు కొట్టు అరువే దిక్కవుతోంది, అందుకే ఎక్కువ ధర కట్టేదీ ఆయనే. భూ యజమాని ఒప్పుకుంటే పంట సాగుదారు హక్కు పత్రం తీసుకుని బ్యాంకును అడగండి.

కొట్లో ముందు నగదు ధర అడిగి, తర్వాతే అరువు మాట ఎత్తండి. ఎమ్మార్పీ లోపల మనిషికో ధర అమ్మడం నేరం కాదు. ఎమ్మార్పీ దాటితే నేరమే. తొలకరి పడ్డాక పేరున్న రకానికి ఎక్కువ అడిగినా, అక్కర్లేని మందు లింకు పెట్టినా మండల వ్యవసాయ అధికారికి చెప్పండి. పది మంది కలిసి వర్షాలకు ముందే కొంటే బేరం కుదురుతుంది, అయితే విత్తన లేబుల్ మీద గడువు తేదీ చూసుకోవాలి. అరువైనా సరే, లాట్ నంబరుతో బిల్లు రాయించుకోండి. మొలక రాకపోతే పరిహారం అడగడానికి ఆ బిల్లే ఆధారం.