జిన్నా టవర్ సెంటర్

చిన్నప్పుడు మా చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్లామంటే పెళ్లి బట్టలకో, పెద్ద డాక్టరు దగ్గరికో అయ్యుండేది. నలభై కిలోమీటర్ల దారి. బస్సు దిగి ఆటో ఎక్కగానే మా నాయనమ్మ "జిన్నా టవర్ కాడ ఆపు నాయనా" అనేది. జిన్నా అనేది ఒక మనిషి పేరని నాకు తెలిసింది సాంఘిక శాస్త్రం పుస్తకంలోనే. పాకిస్తాన్ అడిగి తీసుకున్నాయన పేరు మన గుంటూరు నడిబొడ్డున ఎందుకుందని ఆ రాత్రే నాయనమ్మను అడిగాను. "ఏమో నాయనా, నేను పెళ్లై పేటకొచ్చిన కాణ్ణుంచీ దాని పేరదే" అంది.

ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. మొన్నీమధ్య పనేమీ పెట్టుకోకుండా వెళ్లి, ఆ సెంటర్‌లో ఒక పూటంతా నిలబడ్డాను. ఆరు స్తంభాలు, వాటి మీద గుమ్మటం, చుట్టూ కంచె. పట్నంబజారు వైపు వెళ్లే జనం దాన్ని చుట్టుకుని పోతున్నారు, తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. ఇది నిలబడింది మహాత్మాగాంధీ రోడ్డు మీద. దేశ విభజన దగ్గర విడిపోయిన రెండు పేర్లు ఇక్కడ ఒకే చిరునామాలో ఉన్నాయి.

గుంటూరు పాత ఊరే. పదో శతాబ్దపు వేంగీ చాళుక్య రాజు అమ్మరాజు శాసనంలోనే దీని పేరుంది. అయితే పట్నంగా ఎదిగింది మాత్రం 1752లో ఫ్రెంచివారు తమ కేంద్రాన్ని కొండవీటి నుంచి ఇక్కడికి మార్చాక. ఆ కొండవీడు మా పేట నుంచి గుంటూరు వచ్చే దారిలోనే, ఎడ్లపాడు దగ్గర, కొండల మధ్య ఉంటుంది. 1788లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, 1866లో మునిసిపాలిటీ ఏర్పడింది. రైలు పట్టాలకు అవతల బ్రాడీపేట, అరండల్‌పేట గీత గీసినట్టు తీరుగా పెరిగాయి. ఇవతల లాలాపేట, పట్నంబజారు పాత ఊరి ఇరుకుతోనే మిగిలాయి. టవరు ఉన్నది ఈ ఇవతలి వైపున.

దాన్ని కట్టింది 1940ల మొదట్లో. అసలు ఆశ్చర్యమంతా ఆ ఏళ్లలోనే ఉంది. ముస్లింలకు వేరే రాజ్యాలు కావాలని ముస్లిం లీగు లాహోరులో తీర్మానించింది 1940 మార్చిలో. 1942 ఆగస్టు 12న ఇదే జిల్లాలోని తెనాలిలో క్విట్ ఇండియా ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఆ చోటే ఇప్పటి రణరంగ చౌక్. ఒకే జిల్లాలో, దాదాపు ఒకే కాలంలో, ఒక కూడలికి అమరుల నెత్తురు పేరైంది, ఇంకో కూడలికి జిన్నా పేరు వచ్చింది.

ఎలా వచ్చిందన్నదానికి ఊళ్లో రెండు కథలున్నాయి. సత్తెనపల్లి వైపు ఒక ఊళ్లో జరిగిన గొడవల్లో కొందరు ముస్లింలకు ఉరిశిక్ష పడిందట. లాల్‌జాన్ బాషా అనే పెద్దాయన బొంబాయి వెళ్లి జిన్నాను ప్రాధేయపడితే, ఆయన వకీలుగా వాదించి వాళ్లను విడిపించాడట. ఆ కృతజ్ఞతతో బాషా ఈ టవరు కట్టించాడంటారు. సభకు పిలిస్తే జిన్నా తాను రాలేక ప్రతినిధిని పంపాడని కూడా అంటారు. రెండో కథలో దీన్ని కట్టించింది మునిసిపాలిటీయే. చైర్మన్లుగా పనిచేసిన నడింపల్లి నరసింహారావు, తెల్లాకుల జాలయ్య హిందూ ముస్లిం సఖ్యతకు గుర్తుగా నిలబెట్టారన్నది ఆ మాట. నడింపల్లి అంటే జనం గుంటూరు కేసరి అని పిలుచుకున్న స్వాతంత్ర్య యోధుడు.

నాకు రెండూ నమ్మదగినవే అనిపిస్తాయి, కట్టించింది ఎవరన్న దగ్గరే అవి విడిపోతాయి. అప్పటి పెద్దవాళ్లు మరచిపోని ఇంకో జిన్నా ఉన్నాడు. 1916లో కాంగ్రెసుకూ లీగుకూ లక్నోలో ఒప్పందం కుదిర్చిన మనిషి, సరోజినీ నాయుడు సఖ్యతా రాయబారి అన్న మనిషి. 1918లో బొంబాయి గవర్నరు విల్లింగ్డన్‌ను ఎదిరించినందుకు ఆ నగర ప్రజలు చందాలు వేసుకుని ఆయన పేరున ఒక హాలే కట్టారు. అదీ కాంగ్రెసు వారి ఆవరణలోనే. విభజనలో ఎన్ని లక్షల ఇళ్లు కూలతాయో గుంటూరు పెద్దలకు ఇంకా తెలియదు. పక్కింటివాడితో మంచిగా ఉండాలనుకున్నారు, అంతే.

తర్వాత పేరు మార్చాలన్న మాట లేస్తూనే వచ్చింది. 2021 చివర్లో అది గట్టిగా లేచింది. అబ్దుల్ కలాం పేరో, గుర్రం జాషువా పేరో పెట్టమన్నారు. జాషువా మా పల్నాడు బిడ్డ, వినుకొండలో పుట్టాడు. ఆయన పేరు ఎక్కడ కనిపించినా నా మనసు పొంగుతుంది. 2022 రిపబ్లిక్ డే నాడు ఇక్కడ జెండా ఎగరేయబోయినవాళ్లను పోలీసులు అడ్డుకున్నారు. ఫిబ్రవరి 1న టవరుకు త్రివర్ణం పూశారు, రెండు రోజులకు పక్కన జాతీయ జెండా ఎగిరింది. పేరు మాత్రం అలాగే ఉంది. అటు లాహోరులో లక్ష్మీ చౌక్ పేరు ఈనాటికీ జనం నోట ఉన్నట్టే.

ఆ పేరు ఉండాలనే నేను కోరుకుంటాను. జాషువాకు ఇంకా పెద్ద కూడలి ఇద్దాం. ఇక్కడ మాత్రం దారిన పోయేవాళ్లు ఆగి చదువుకునేంత పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఉర్దూలోనూ ఈ రెండు కథలూ చెక్కించాలి. లాల్‌జాన్ బాషా, నడింపల్లి, జాలయ్య పేర్లన్నీ అందులో ఉండాలి. ఆటో దిగిన ఏ నాయనమ్మనైనా మనవడు అడిగితే, ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఆ రాత ముందుకు తీసుకెళ్లాలి.