57.8: హొసూరు బళ్ళ బ్లాకుల కత



పోయిన కూటంలో టీ తాగేటప్పుడు ఒకన్న అన్న మాట మా మనసులోనే ఉండిపోయింది. "హొసూరు బండిలో ఏముందప్పా, జపానోడు గీసిచ్చినాడు, మనోళ్ళు నట్లు బిగించినారు" అన్నాడు. ఆ పొద్దు మేము బదులు చెప్పలేదు. కానీ ఆ నట్లు బిగించే పనికి మన పల్లెల నుంచి ఘాటెక్కి, డెంకణికోట మీదుగా హొసూరు పోయి, వయసంతా అక్కడే గడిపినోళ్ళు మన ఇళ్ళల్లోనే ఉండారు. వాళ్ళ కోసమైనా బదులు చెప్పాల. మాటలతో కాదు, బ్లాకులతో చెప్తాము.

మా మెకానిక్ తమ్ముడి షెడ్డులో మూడు పాత బ్లాకులు బల్ల మీద పక్కపక్కన పెట్టుకొని చూసినాము. షోగన్‌ది ఒకటి, ఫియెరోది ఒకటి, అపాచీ 180ది ఒకటి. బయట దేశాల్లో పాత స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి ఉండేవాళ్ళు ఇట్లనే చేస్తారు. ఇంగ్లాండోళ్ళ ఎంజీబీ కారు 1962లో వచ్చినప్పుడు దాని 1798 సీసీ ఇంజనులో క్రాంకును మూడు బేరింగులు మోస్తా ఉండినాయి. రెండేళ్ళకు అయిదు చేసినారు. సీసీ మారలేదు, లోపల మాత్రం గట్టి పడింది. బ్లాకును తెరిచి చూస్తే గాని అట్లాంటి కత తెలీదు. మనకు స్పోర్ట్స్ కారు ఎక్కడిది? మన ఘాటు రోడ్డులో పిల్లోళ్ళు ఉరికించినవన్నీ హొసూరు బైకులే, కాబట్టి వాటినే చూస్తాము.

హొసూరు కంపెనీ మొదట చేసింది టీవీఎస్ 50. 1980లో వచ్చింది, ఇద్దరు కూర్చొని పొయ్యే మోపెడ్. దాని మీద టమోటా బుట్టలు మోసినోళ్ళకు దాని గురించి మేము చెప్పాల్సింది లేదు. 1984లో సుజుకితో కలిసి ఏఎక్స్ 100 తెచ్చినారు. ఇది ఖచ్చితంగా జపానోళ్ళ ఇంజనే. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50. అంటే పిస్టను ఎంత లావో, అది పైకీ కిందికీ తిరిగే దూరమూ అంతే. మొత్తం 98 సీసీ. మరుసటేడు వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కొలత కూడా ఇదే, 50కి 50. జపాను నుంచి వచ్చిన టూ స్ట్రోక్ బళ్ళలో రెండు పేరున్నవి ఒకే కొలతలో వచ్చినాయి.

షోగన్ దగ్గరికి వస్తే కత మారుతుంది. అది 108.2 సీసీ. స్ట్రోకు అదే 50, బోరు 52.5. రెండున్నర మిల్లీ పెంచితే సీసీ పదే పెరిగింది. కానీ బలం 14 హార్స్‌పవర్! పది సీసీకే అంత బలం ఎట్ల వచ్చింది? బ్లాకు లోపలి గోడను వేలితో తడిమితే తెలుస్తుంది. టూ స్ట్రోక్ బ్లాకుకు గోడలోనే కిటికీల మాదిరి రంధ్రాలుంటాయి, పోర్టులంటారు. పెట్రోలు గాలి వచ్చేదీ, పొగ పొయ్యేదీ వాటి గుండానే. అవి ఎంత ఎత్తులో, ఎంత వెడల్పుతో ఉంటే బండి గుణం అట్ల ఉంటుంది. షోగన్ పోర్టులు, సైలెన్సరు పై స్పీడుకు కొలిచి పెట్టినవి. 8500 తిప్పితేనే ఆ 14 వచ్చేది. అందుకే ఘాటు మలుపులో థర్డ్ గేర్లో చతికిలబడేది, సెకండుకు దించి తిప్పితే ఏనుగు తరుముకొచ్చినట్ల లేచేది. (ఈ పోలిక మనోళ్ళకు వివరించే పని లేదు.)

అయితే అదే కిటికీల వల్లే టూ స్ట్రోక్ చచ్చిపోయింది. కాలని పెట్రోలు కొంత పొగతోనే బయటికి పారిపోతుంది, ఆయిలూ దాంతోనే కాలుతుంది. 2000లో పొగ నిబంధనలు బిగిసినాయి. ఆ ఏడే ఫోర్ స్ట్రోక్ ఫియెరో వచ్చింది.

ఇప్పుడు బల్ల మీద రెండో బ్లాకు. చూస్తే ఉట్టి గొట్టం. కిటికీలు లేవు, వాల్వులు హెడ్డులోకి పోయినాయి. పక్కన టైమింగ్ చైను పొయ్యే సందు మాత్రం ఉంది. బోరు 57, స్ట్రోకు 57.8, మొత్తం 147.5 సీసీ. ట్యాంకు మీద సుజుకి పేరు ఉండింది, అది మేము ఒప్పుకుంటాము. 2001లో సుజుకి విడిపోయింది. ఆ ఏడే హొసూరోళ్ళు సొంతంగా గీసి విక్టర్ తెచ్చినారు, 109 సీసీ. ఇంక మనోళ్ళ పని అయిపోతుందని అప్పుడు ఎంత మంది అన్నారో మాకు గుర్తుండాది.

ఇప్పుడు ఈ 57.8ని పట్టుకొని రండి. తర్వాత వచ్చిన అపాచీ 150 కూడా 147.5 సీసీనే. 2007లో ఆర్‌టీఆర్ 160 చేసినప్పుడు ఆ స్ట్రోకును వదిలేసినారు. బోరు 62కు పెంచి, స్ట్రోకును 52.9కి కుదించినారు. పిస్టను తిరిగే దూరం తక్కువైతే ఎక్కువ స్పీడు తట్టుకుంటుంది. రేసుల్లో తిరిగినోళ్ళ ఆలోచన అది. 2009లో ఆర్‌టీఆర్ 180: బోరు 62.5, స్ట్రోకు మళ్ళా 57.8! అంటే దాదాపు 160 లావు, 150 పొడుగు, రెండూ కలిపితే 177.4 సీసీ. 2016లో నాలుగు వాల్వుల 200: బోరు 66, స్ట్రోకు అదే 57.8. మా షెడ్డులో ఈ లెక్క కాగితం మీద వేసిన పొద్దు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పదహారేళ్ళు ఒకే కొలతను పట్టుకొని, బోరు పెంచుకుంటా, హెడ్డు మార్చుకుంటా, ఆయిలుతో చల్లబరిచే ఏర్పాటు చేసుకుంటా పోయినారు. వట్టి నట్లు బిగించేవాడు ఇట్ల చేయలేడు.

2017 చివర్లో వచ్చిన ఆర్‌ఆర్ 310ది వేరే వంశం. 2013లో బీఎండబ్ల్యూతో ఒప్పందం చేసుకొని చేసింది. 80కి 62.1, నీళ్ళతో చల్లబడుతుంది. బ్లాకు వెనక్కి వాలి ఉంటుంది, గాలి ముందు నుంచి పోతుంది, పొగ వెనక నుంచి వస్తుంది. జర్మనీ పేరుతో అమ్మే జీ 310 బళ్ళు కూడా హొసూరులోనే తయారైనాయి. గొప్పే. కానీ మాకు షోగన్ మీదే మనసు. అంచెట్టిలో విప్పి, లేతులో బోరు కొట్టించి, సైజు పిస్టను వేసి, సాయంత్రానికి నడపగలిగిన బండి అది.

షెడ్డులోని ఆ షోగన్ బ్లాకుకు ఇంక బోరు కొట్టే సైజు మిగల్లేదు. పాత ఇనుమోడు వారం ముందర వచ్చి కిలో లెక్కన అడిగినాడు. ఇవ్వలేదు. మీ కొట్టాల్లో, అటకల మీద ఏఎక్స్ 100ది గాని, అపాచీ 150ది గాని బ్లాకు ఉంటే వాడికి వెయ్యొద్దండి, మాకు చెప్పండి. ఆ రెండూ దొరికితే వరస నిండుతుంది. వచ్చే కూటానికి బల్లతో సహా తెస్తాము. ఆ అన్నను ముందు వరసలో కూర్చోబెట్టండి.