బేగంపేట దోమ, మెదడు జబ్బు

సూక్ష్మజీవి మెదడును మెల్లగా పాడుచేయగలదని 1913లో శాస్త్రవేత్తలు నొగుచి, మూర్ నిరూపించారు. మతి చెడి, అవయవాలు పడిపోయి మరణించిన రోగుల మెదళ్లలో వారికి సిఫిలిస్ క్రిములు కనిపించాయి. తెలుగులో సిఫిలిస్ పాతపేరు సవాయి.

విచిత్రంగా, ఆ మతిరోగానికి చికిత్స మరో జబ్బులో, మలేరియాలో దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1917లో, వియన్నా వైద్యుడు వాగ్నర్-యావురెగ్ మలేరియా రోగుల రక్తాన్నే ఈ మతిరోగులకు ఎక్కించాడు. విపరీతమైన జ్వరానికి కొందరు తేరుకున్నారు, కొందరు ఆ మలేరియాతోనే పోయారు. ఇవాళ ఏ ఆసుపత్రీ ఒప్పుకోని ఆ ప్రయోగానికి 1927లో నోబెల్ వచ్చింది! పెన్సిలిన్ వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

సూక్ష్మజీవులు మెదడును దెబ్బతీస్తాయనడానికి తెలుగు నేలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ, వరిపొలాల దోమ మోసుకొచ్చే జపనీస్ మెదడువాపు. కదలికలను అదుపుచేసే మెదడు భాగాలను ఆ వైరస్ దెబ్బతీస్తుంది. అందుకే బతికి బయటపడిన కొందరిలో పార్కిన్సన్ తరహా వణుకు, బిగుసుకుపోవడం కనిపిస్తాయి. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన దీని టీకా, జెన్‌వాక్, 2013లో విడుదలైంది. ఇలాగే అల్జీమర్స్‌కూ హెర్పిస్ వైరస్ కారణమా అన్న వాదం మాత్రం ఇంకా తేలలేదు.