రైతు వైపునకు తిరిగిన తెర

ఆత్మకూరు కోటలో సంస్థానపు కచేరీ సాగుచుండిన కాలమున లెక్క వ్రాయువాని కాగితము సర్వదా వ్రాయువాని వైపునకే తిరిగియుండెడిది. ఎదుట కూర్చున్న రైతునకు కనబడునది ఆ కాగితపు వీపును, కలము కదలికయును మాత్రమే. తన పొలమెంత, శిస్తెంత, నిలువ బాకీ యెంత యనునవి అతడు వినవలసినవేగాని చూడదగినవి కావు. నేడు ల్యాప్‌టాప్‌నకు తోడుగా బల్లమీద నిలుపబడుచున్న రెండవ మానిటరును గూర్చి వ్రాయబూనిన నేను ఆ కాగితపు వీపుతో నారంభించుటకు కారణము కలదు.

పాలమూరు సీమయందలి అమరచింత సంస్థానమునకు ఆత్మకూరు రాజధాని. 1901 జనగణన నాటికి ఆ సంస్థానపు ప్రజలు సుమారు 34 వేలమంది. ఏటేట నిజాము ప్రభువునకు కప్పము చెల్లించుచు లోపలి పాలనమును రాజులే నడపుకొనుచుండిరి. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తులతోబాటు ఈ ఆస్థానమును గూడ దర్శించి యవధానములతో మెప్పుగాంచిరి. ఆ సభలను చరిత్రకారులు ముచ్చటగా వర్ణింతురు, అవి వర్ణింపదగినవే. కాని కవులకు సమర్పించిన శాలువలకు వలసిన ధనము ఏ పద్దులనుండి వచ్చెనో, ఆ పద్దుల చరిత్ర నాకంతకంటె ముఖ్యముగా తోచును.

హైదరాబాదు రాజ్యమున రాజభాష తొలుత పారసీకము. 1884 ప్రాంతమున దాని స్థానమున ఉర్దూ వచ్చెను. పాలమూరు రైతు పలుకునది తెలుగు, పైకచేరీ చదువునది ఉర్దూ, నడుమ నిలిచినవారు పటేలు పట్వారీలు. కావున ఎవరైన దయదలచి కాగితమును రైతు వైపునకు త్రిప్పినను అతనికది యక్షరారణ్యమే యయ్యెడిది. చివరకు బొటనవ్రేలికి సిరా పూసి నిశానీ వేయించుకొనెడివారు. వంగదేశమున జంగీపూరునందు 1858లో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయోద్యోగి ఒక ఒప్పందపత్రముపై సంతకమునకు బదులు అరచేతి ముద్ర వేయించెనని చదివినప్పుడెల్ల మన రైతును గూర్చి నాకొక చింత కలుగును: వ్రాసినదానికి కట్టుబడుటకు అతని చేయి పనికివచ్చెను, వ్రాసినదేమో పరికించుటకు అతని కన్నును మాత్రమెవ్వరు నడుగలేదు.

1949లో జాగీర్లు రద్దయ్యెను. సంస్థానముల దొరతనమును ఆ కాలముననే అంతరించెను. 1954–55లో ఏ భూమి యెవరి స్వాధీనమున నున్నదో తెలుపు ఖాస్రా పహాణీ సిద్ధమయ్యెను. తగవు పుట్టినపుడు తెలంగాణమున నేటికిని పెద్దలు దానినే తిరుగవేయుదురు. అయినను పుస్తకము కచేరీదే. రైతు దానిని చూడగోరినచో దరఖాస్తు పెట్టి నకలు పొందవలసినదే. నకలు చేత బట్టుకొని మండల కార్యాలయపు అరుగుమీద నెవరిచేతనైన చదివించుకొను వృద్ధులను పాలమూరు సీమలో చూడనివారుండరు. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ తొలగెను, 1985లో మండలములు వెలసెను, 1998లో రిజిస్ట్రేషను కచేరీలలోనికి కంప్యూటర్లు వచ్చెను. కాగితపు వీపు పోయి కంప్యూటరు వీపు వచ్చెను. రైతు కూర్చున్న చోటు మారలేదు.

ఒక యంత్రమునకు రెండు తెరలు తగిలించుట కొత్త విద్య కాదు. 1981 నాటి ఐబీఎం పీసీలోనే నలుపుతెలుపు తెరకొకటి, రంగుల తెరకొకటి కార్డులమర్చి రెంటిని నడుపవచ్చును. 1987లో మాకింటోష్ టూ, తరువాత విండోస్ 98 ఆ సౌకర్యమును విస్తరింపజేసినవి. ఇవన్నియు పనివాని బల్లను వెడల్పు చేసినవే; రెండవ తెరయు అతని కన్నులయెదుటనే యుండెను.

దానిని అవతలివాని వైపునకు త్రిప్పిన ఘనత మన దేశమున, నా యెరుకలో, ఆధార్ నమోదు కేంద్రములకు దక్కవలెను. 2009లో ఏర్పడిన ఆధార్ ప్రాధికార సంస్థ 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రమందలి టెంభ్లీ గ్రామమున తొలి సంఖ్యనిచ్చెను. నమోదు సామగ్రిలో ల్యాప్‌టాపుతోబాటు, వచ్చినవాడు తన వివరములను ఇంగ్లీషునను తన భాషయందును చూచి సరిచూచుకొనుటకై మరియొక మానిటరు నుండవలెనని నియమించిరి. అమర్చు విధము స్వల్పము: తీగ నొక కొసన ల్యాప్‌టాపునకు, మరియొక కొసన మానిటరునకు తగిలించి, విండోస్ మీటను పి యక్షరముతో గూడ నొక్కిన, రెండవ తెర ‘పొడిగింపు’ కావలెనో ‘నకలు’ కావలెనో యంత్రమే యడుగును. ఇచ్చట కోరవలసినది నకలే. దరఖాస్తు లేక, నిరీక్షణ లేక, వ్రాయుచుండగనే యెదుటివాని కందునట్టి నకలు!

ఇది చిన్న సంగతి యనుకొనరాదు. వనపర్తి జిల్లాలో ఆత్మకూరొకటి. పూర్వపు నల్లగొండలో ఆత్మకూర్ (ఎం) ఒకటి, ఆత్మకూర్ (ఎస్) మరొకటి. పట్టికలో ఒక వరుస క్రిందికి జారినచో మనిషి జిల్లాయే మారిపోవును. ఇంటిపేరున ఒక దీర్ఘము తప్పినచో పింఛనునకును పట్టాపుస్తకమునకును పొత్తు కుదరక నెలలు తిరుగవలసివచ్చును. చదువురాని ముసలమ్మ వచ్చినపుడు వెనుక నిలిచిన మనుమడు తెరపైని తెలుగు వరుసను గట్టిగా చదువును. ఆమె చెవియొగ్గి విని, అద్దముమీద వ్రేలుంచి, “గది కాదు సారూ, మా ఇంటిపేరు గట్ల రాయరు” అనును. ఆపరేటరు వెనుకకు పోయి ఆ యక్షరమును చెరిపి మరల కొట్టును. ఆ తరువాతనే ఆమె తన వ్రేలిని యంత్రపు గాజుపై నుంచును.