తీరం ఒక చారిత్రక ఆధారం: విశాఖపట్నం బీచ్ రోడ్డు

బెళుగుప్ప నుంచి సముద్రం చూడాలంటే చాలా దూరం ప్రయాణించాలి. వానలు తక్కువైన అనంతపురం పీఠభూమి విద్యార్థికి విశాఖపట్నం అనగానే రామకృష్ణా బీచ్, అలలు, ఒడ్డున నిలిపిన జలాంతర్గామి గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో అదే బీచ్ రోడ్డును చరిత్ర విద్యార్థిగా సందర్శిద్దాం. మన ప్రశ్న ఒక్కటే: పని జరిగే తీరం విహారస్థలంగా ఎలా మారింది?

పాత పట్టణం ఇక్కడ లేదని మొదట గమనించండి. 17వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ స్థావరం దక్షిణాన, డాల్ఫిన్ నోస్ కొండకు సమీపంలో, నేటి వన్‌టౌన్ ప్రాంతంలో ఏర్పడింది. అప్పట్లో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకులనూ మనుషులనూ పడవలు ఒడ్డుకు చేర్చేవి.

ఈ స్థితిని ఓడరేవు మార్చింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడం రేవు నిర్మాణానికి ఒక ముఖ్య కారణం. కొండ చాటున చిత్తడి నేలను తవ్వి నిర్మించిన ఈ రేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ ప్రవేశించింది. తర్వాత నౌకా నిర్మాణ కేంద్రం వెలసింది. అక్కడ తయారైన ‘జల ఉష’ ఓడను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఓడల పని కొండ చాటుకు చేరగా, ఉత్తరాన ఉన్న ఇసుక తీరం నివాసాలకు, విహారానికి మిగిలిందని అర్థం చేసుకోవచ్చు.

రేవు ఉన్నచోటికి యుద్ధం కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ ఈ తీరానికి సమీపంలో మునిగిపోయింది. అందులోని వారందరూ మరణించారు. భారత నౌకాదళ దాడి వల్ల మునిగిందని భారతదేశం, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్లనని పాకిస్తాన్ చెబుతాయి. బీచ్ రోడ్డులోని విజయ స్మారకం మొదటి కథనాన్నే చెబుతుంది. దాన్ని ఆధారంగా స్వీకరించాలి, తుది తీర్పుగా కాదు. ఒడ్డున ఉన్న ‘కుర్సురా’ ఘాజీని ముంచిన జలాంతర్గామి అని కొందరు పొరబడతారు. 1969లో నౌకాదళంలో చేరిన కుర్సురా ఆ యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాల అయింది.

ఇదే తీరంలో జాలరిపేటలు, వలలు, పడవలు నేటికీ కనిపిస్తాయి. సందర్శకులకు విహారస్థలమైన ఇసుక జాలరులకు పడవ నిలిపే చోటు, వల ఆరబెట్టే చోటు. స్మారకాలు సైనికులను, నాయకులను గుర్తుంచుకున్నంతగా ఈ శ్రామికులను గుర్తుంచుకోలేదు. శిలాఫలకం లేనివారి చరిత్రను వారి పనిముట్లలో, వాడల పేర్లలో, వృద్ధుల జ్ఞాపకాలలో వెతకాలి.

మరొక విషయం. ఈ తీరం రూపాన్ని సముద్రం ఒక్కటే నిర్ణయించలేదు. ఎక్కడో లోతట్టున ఉన్న గనులూ వాటిని కలిపిన రైలుమార్గాలూ నిర్ణయించాయి. కాబట్టి సముద్రం లేని ప్రాంతాలకు కూడా తీర చరిత్రలో భాగం ఉంది.

అభ్యాసం

1. విశాఖ తీరం విహారస్థలంగా మారడంలో ఓడరేవు పాత్రను వివరించండి.

2. స్మారక చిహ్నాలను ఆధారాలుగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?

3. బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయాన్ని గాని, మీ సమీపంలోని చెరువును గాని సందర్శించండి. నీరు ఎక్కడిది, ఎవరు శ్రమించారు, ఎవరు భూమి కోల్పోయారు అనే ప్రశ్నలకు సమాధానాలు సేకరించి ఒక పేజీ రాయండి.