గోధుమ లేని వంటిల్లు మనకేం కొత్త కాదు

మా సైనిక్‌పురి వైపు సూపర్ మార్కెట్లలో ఈమధ్య జొన్నపిండి, రాగిపిండి పాకెట్ల మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలతో కనిపిస్తోంది. బియ్యప్పిండి మీద కూడా! చూస్తే నవ్వొస్తుంది. బియ్యంలో గ్లూటెన్ ఎప్పుడుంది కనక, లేదని గొప్పగా చెప్పుకోవడానికి? కానీ ఆ రెండు ముక్కలు అక్కడ ఎందుకు అచ్చు వేయాల్సి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూస్తే, మన వంటిళ్ళ వందేళ్ళ కథ బయటపడుతుంది. ఈ రోజు ఆ కబుర్లే.

అసలు గ్లూటెన్ అంటే ఏమిటో చెప్పడానికి పుస్తకాలు అక్కర్లేదు, రెండు రకాల పిండి చాలు. చపాతీ పిండి కలిపి పక్కన పెడితే సాగుతుంది, కర్రతో ఎంత పలుచగా వత్తినా చిరగదు. జొన్నపిండిని వేడినీళ్ళతో కలిపి, చేత్తో తట్టుకుంటూ రొట్టె చేయాలి. కర్ర పెడితే అంచులు పగులుతాయి. గోధుమకి ఆ సాగే గుణం ఇచ్చే మాంసకృత్తే గ్లూటెన్. బార్లీలో, రై అనే ధాన్యంలో కూడా ఆ జాతివే ఉంటాయి. చాలామందికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం అది పేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు.

మా చెల్లెలి కూతురికి పదకొండో ఏట ఇది ఉందని తేలింది. అంతకుముందు రెండేళ్ళు రక్తం తక్కువని టానిక్కులు, నులిపురుగుల మందులు, తోటిపిల్లలు ఎత్తు పెరుగుతుంటే ఇది అక్కడే ఆగిపోవడం. చివరికి ఒక డాక్టరుగారు అనుమానపడి పరీక్ష రాశారు. గోధుమ జన్మలో వద్దన్నారు. పేగు కోలుకునేదాకా కొన్ని నెలలు పాలు, పెరుగు కూడా ఆపమన్నారు. వాళ్ళది పూర్తిగా శాకాహారం ఇల్లు. మా చెల్లెలు ఫోన్ చేసి, “అక్కా, చపాతీ లేదు, బ్రెడ్డు లేదు, గుడ్డు తినం, ఇప్పుడు పెరుగూ లేదు. ఇంక దానికేం పెట్టను?” అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను చదివినవీ, పెద్దవాళ్ళని అడిగి తెలుసుకున్నవీ ఇవి.

ఈ జబ్బుకి గోధుమే కారణమని ప్రపంచానికి తెలిసింది యుద్ధం పుణ్యమా అని. విలెం డికె అని నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలో పిల్లల డాక్టరు ఉండేవాడు. ఆయనకి 1930ల నుంచే గోధుమ మీద అనుమానం. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆంక్షల వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. బ్రెడ్డు దొరక్క జనం తులిప్ దుంపలు కూడా ఉడకబెట్టుకు తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం కాస్త తేరుకున్నారు. మళ్ళీ బ్రెడ్డు వచ్చాక వాళ్ళ జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో గోధుమ సంగతి రుజువు చేసి చూపించాడు.

చిత్రమేమిటంటే ‘వీగన్’ అనే మాట పుట్టింది కూడా ఆ 1944లోనే. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు, పాలు, వెన్న కూడా మానేసిన శాకాహారులకి ఒక పేరు కావాలని ఆ మాట తయారు చేసుకున్నారు.

ఆ కాలంలో మన పల్లెల్లో ఈ రెండు మాటలూ ఎవరికీ తెలియవు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంలో 23 వేల మందికి పైగా పరీక్షించింది. ఉత్తరాదిన సీలియాక్ 1.23 శాతం మందిలో ఉంటే, దక్షిణాదిన 0.10 శాతమే. మన రక్తంలో ఏదో రక్ష ఉందనుకునేరు! ఈ జబ్బుకి దారితీసే జన్యువులు అక్కడ దాదాపు 38 శాతం మందిలో, ఇక్కడ దాదాపు 36 శాతం మందిలో ఉన్నాయి. అంటే దాదాపు సమానం. తేడా కంచంలో ఉంది. సగటున అక్కడ మనిషి రోజుకి తినే గోధుమ 455 గ్రాములైతే, ఇక్కడ 25 గ్రాములు.

ఆ 25 గ్రాముల వెనక ఉన్నదే మన వంట చరిత్ర. తెలంగాణలో జొన్నరొట్టె, గటక, అంబలి. రాయలసీమలో రాగిసంకటి, కొర్రన్నం. కృష్ణా, గోదావరి కాలవల కింద వరన్నం. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పలనాటి జొన్నకూడు మీద ఆయన పడ్డ విసుగు మనందరికీ తెలిసిందే. పండగ పిండివంటలు చూడండి. సకినాలు, అరిసెలు, చేగోడీలు, ఉండ్రాళ్ళు, అట్లతద్ది అట్లు, అన్నిటికీ బియ్యమే ఆధారం. పూర్ణాలకి పైపూత మినప్పప్పు, బియ్యం రుబ్బిన తోపు. బొబ్బట్లు ఒక్కటే గోధుమ వైపు వెళ్ళాయి.

మాటలు కూడా ఈ సంగతి దాచుకోలేదు. మా అత్తమ్మది పాలమూరు వైపు. ఆమె నోట ‘రొట్టె’ అంటే జొన్నరొట్టె అనే అర్థం, గోధుమది అయితే ‘చపాతీ’ అని విడిగా చెబుతుంది. నా పుట్టిల్లు గుంటూరు వైపు. మేము రవ్వ అంటే బియ్యపు రవ్వ. ఉప్మాకి వాడేది ‘బొంబాయి రవ్వ’. ఎక్కడి నుంచి వచ్చిందో పేరులోనే ఉంది.

అసలు గోధుమే లేదని కాదు. హైదరాబాదు పాతబస్తీలో నాన్‌లు, కుల్చాలు, షీర్మాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు వెలిశాక దొరల బ్రెడ్డు వచ్చింది. దేశ విభజనలో సింధు నుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచింది. కానీ ఇదంతా నగరం తిండి. పల్లె పొయ్యి దాకా పోలేదు.

పోవడానికి రెండు మూడు కారణాలున్నాయి. 1942లో బర్మా జపాను చేతిలోకి పోయాక అక్కడి బియ్యం ఆగిపోయింది. బియ్యానికి కటకట వచ్చిన ఆ యుద్ధకాలంలోనే రవ్వ ఇడ్లీ పుట్టిందని బెంగుళూరు ఎం.టి.ఆర్. వాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత అమెరికా పి.ఎల్. 480 చట్టం కింద ఓడల్లో గోధుమలు దిగాయి. అరవైల్లో బడికి వెళ్ళినవాళ్ళు, అమెరికా రవ్వతో మధ్యాహ్నం పెట్టిన ఉప్మా, పాలపొడి పాల గురించి ఇప్పటికీ చెబుతారు. ఆ దశాబ్దం చివర్లో హరిత విప్లవం వచ్చి, గోధుమ మన దేశంలోనే విరివిగా పండింది.

ఇక మా సైనిక్‌పురి సంగతి. పేరులోనే ఉంది, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ కాలనీ. ఊళ్ళు, రాష్ట్రాలు తిరిగి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్న కుటుంబాలు. పక్కన 1967లో ఈసీఐఎల్ వచ్చింది, దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు వచ్చారు. ఒకే వీధిలో పంజాబీ వంటిల్లు, మలయాళీ వంటిల్లు, తెలుగు వంటిల్లు ఉంటే చపాతీ గోడ దాటకుండా ఉంటుందా? ఆ తర్వాత ‘షుగరుంది, రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినండి’ అన్న సలహా ఇంటింటికీ చేరింది. మూడు పూటల్లో ఒక పూట గోధుమదైపోయింది.

మరి జొన్న ఎటు పోయింది? “రెండు రూపాయల బియ్యం వచ్చినంక జొన్న పోయింది బిడ్డా” అంటుంది మా అత్తమ్మ. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పెట్టిన ఆ పథకం ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చింది. తెల్లన్నం పండగనాటి తిండి నుంచి రోజువారీ తిండి అయింది. దాంతోపాటే జొన్నచేలు తగ్గాయి, రొట్టె తట్టడం వచ్చిన చేతులూ తగ్గాయి.

ఇక్కడ ఒక్క మాట. పాతకాలం తిండంతా అమృతం అనుకోవడం కూడా సరికాదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చింది. ఇక్కడి ఆసుపత్రుల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధితో వచ్చే పేదలని డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పరిశీలించారు. చాలామంది జొన్న తప్ప వేరే తిండి ఎరగనివాళ్ళు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం ఒక కారణం కావచ్చని 1960లో రాశారు. కాబట్టి నేను మా చెల్లెలికి జొన్న ఒక్కటే పట్టుకోమని చెప్పలేదు. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, పల్లీల పొడి ఉండాలి. ఒకరోజు జొన్న, ఒకరోజు రాగి, ఒకరోజు కొర్ర, ఒకరోజు పెసరట్టు.

ఈ కలగలుపు తిండిని వదలకుండా కాపాడింది ఎవరో తెలుసా? ఆడవాళ్ళే. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. సొంతంగా విత్తనాలు దాచుకున్నారు. బీడు భూములు సాగుచేసి, రేషన్ బియ్యానికి బదులుగా జొన్నలు పంచుకునే ఏర్పాటు చేసుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకి వచ్చింది. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే వాళ్ళ గంపల్లో ఆ విత్తనాలు ఉన్నాయి.

ఇప్పుడు మా చెల్లెలి ప్రశ్నకి వద్దాం. గోధుమ, పాలు రెండూ లేని శాకాహారం మనకి ఎంత ఉందో రాస్తూ పోతే పేజీ చాల్లేదు. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, బియ్యపు రవ్వతో ఉప్పుడు పిండి. మధ్యాహ్నం పప్పు, పచ్చిపులుసు, వేపుడు, నువ్వుల పొడి. సాయంత్రం సర్వపిండి, ఉడికించిన పల్లీలు. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర. నెయ్యికి బదులు నువ్వులనూనె. మజ్జిగ పోసే అంబలిని మజ్జిగ లేకుండా పులియబెట్టి తాగినవాళ్ళు ఎందరో. కోస్తాలో తరవాణి పులుపు అన్నం గంజిదే, అందులో పాలచుక్క ఉండదు. పాలు మానిన పిల్లలకి కాల్షియం కావాలి కనక రాగి, నువ్వులు తప్పనిసరి. మిగతాది డాక్టరుగారిని అడగాల్సిందే.

పేర్లు చూసి మోసపోకూడని చోట్లూ ఉన్నాయి. మొదటిది ఇంగువ. అసలు ఇంగువ చాలా ఘాటు, అందుకే దాన్ని జిగురుతో, పిండితో కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు మైదాయే. పప్పుచారు, పులిహోర, మాగాయ, అన్నిట్లోకీ అలా చేరుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ వెతికి కొనాలి, లేకపోతే వెల్లుల్లి పోపుతో సరిపెట్టాలి. రెండోది పిండి గిర్ని. గోధుమలు పట్టిన రాళ్ళ మీదే మన జొన్నలూ పడతాయి. సూపర్ మార్కెట్ పాకెట్ మీద ఆ మాట ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. మన దేశంలో కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉంటే ఆ మాట వేయకూడదు. మా చెల్లెలు జొన్నలు కడిగి ఎండబెట్టి, ఇంట్లోనే చిన్న మిల్లులో పట్టుకుంటోంది. మూడోది పాలలో కలిపే మాల్టు పొడులు. వాటిలో సాధారణంగా బార్లీ ఉంటుంది.

జల్లెడ, పెనం, పీట, ఆ పిల్లవి విడిగా ఉండాలి. మన అమ్మమ్మలు ఆవకాయ జాడీకి తడి గరిటె తగలనిచ్చేవారా? అదే జాగ్రత్త. మడి పేరుతో ఒకప్పుడు మనుషుల్ని దూరం పెట్టాం. ఇక్కడ దూరం పెట్టేది పిండిని మాత్రమే.

ఇంకొక ముఖ్యమైన మాట. పిల్లలకి ఎంతకీ తగ్గని రక్తహీనత, విరేచనాలు, ఎదుగుదల ఆగడం ఉంటే సీలియాక్ పరీక్ష గురించి డాక్టరుని అడగండి. మన వైపు అరుదు కాబట్టి తొందరగా ఎవరికీ తట్టదు. పరీక్ష అయ్యేదాకా మాత్రం గోధుమ ఆపకండి. ఆపేస్తే ఆ పరీక్షలో జబ్బు కనపడకపోవచ్చు. ఇక ఏ జబ్బూ లేనివాళ్ళు ఫ్యాషన్ కోసం చపాతీ మానేసి, ఖరీదైన బిస్కెట్లు కొనుక్కోనక్కర్లేదు.

మీ ఇంటికి పేరంటానికి వచ్చేవాళ్ళలో ఇలాంటి పిల్ల ఒక్కతి ఉన్నా సర్వపిండి చేయండి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం, ఉప్పు. గిన్నెకి నూనె రాసి పలుచగా అద్ది, నాలుగు చోట్ల వేలితో గుంటలు పెట్టి, సన్నని మంట మీద కాల్చండి. అందరూ ఒకే పళ్ళెంలోంచి తినొచ్చు.